తెరమీది ఉద్ది

సోమవారం

ఎండలకు కాలనీ మూత పడి రెండో వారం. ఒంటరిగా ఉండేవాళ్ళు రోజూ నాలుగు ముక్కలు రాసుకోవాలని, లేకపోతే ఈ మూత నెలల్లో మతి చెదురుతుందని దవాఖాన డాక్టరమ్మ చెప్పింది. హైస్కూల్లో డ్రిల్లు టీచరుగా పిల్లల్ని ఎండలో నిలబెట్టిన దాన్ని, నా మతి అంత తేలిగ్గా చెదరదు. ఎండలో పిల్లల్ని నిలబెట్టగలిగిన రోజులవి. అయినా ఇవాళ రాస్తున్నాను. ఒళ్ళు మండిపోతోంది, చెప్పుకుందామంటే మనిషి లేదు. చెప్పుకునే మనిషితోనే గొడవ.

పొద్దున సైరను కూత వేసేలోపే పనులన్నీ అయ్యాయి. కిటికీ రేకుల సందుల్లో తడిగుడ్డలు కుక్కాను. డ్రమ్ము నింపాను. రేషన్ బండి గూట్లో వదిలిపోయిన పెట్టె తీసుకున్నాను. ఆ బండికి డ్రైవరు లేడు కాబట్టి పాల ప్యాకెట్టు చితికినా తిట్టడానికి లేదు. కూత వేశాక ఇక మర్నాటి తెల్లవారుజాము దాకా తలుపు తీయకూడదు. తలుపుకు లోపల గడియ కూడా పెట్టకూడదు, ఎవరికైనా ఏమైనా అయితే బయటివాళ్ళు తెరవాలని రూలు.

సాయంత్రం ఏడింటికి కోలాటం. ఈ నెలల్లో కాళ్ళూ చేతులూ పట్టేయకుండా మాకున్నది అదొక్కటే. ఎనిమిది మందిమి, ఎనిమిది ఇళ్ళలో, టీవీ ముందు చాప పరుచుకుని ఆడతాం. చాప మన అడుగును పట్టుకుంటుంది, కోలలు మన చేతిని పట్టుకుంటాయి. గాల్లోకి కొడితే చాలు, తెరమీది మనిషి కోల తగిలినప్పుడు మన చేతిలో కోల అదురుతుంది. తెరలో మనకు మనం కనబడం. ఎదురుగా నిలబడే జత మనిషి కనబడుతుంది, ఆమె వెనక మిగతా వలయం. ఆ జత మనిషినే ఉద్ది అంటారు. నా ఉద్ది డి లైనులో ఉండే రవళి. ఈ ఆట కాలనీకి వచ్చిన నాటినుంచీ అదే.

నిన్న ఆట మధ్యలో నేను అలవాటుగా పైకి లెక్క పెడుతున్నాను. రవళి నలుగురూ వినేట్టు మైకులో అంది, “ఇది కవాతు గాదే సహస్రా. నువ్వు ఆడవు, డ్రిల్లు చేపిస్తవ్. నీకు లయ లేదు.”

అందరూ నవ్వారు. పాట ఎత్తే దీక్షిత కూడా నవ్వింది. నేనేమన్నా నోట్లో బెల్లం పెట్టుకున్నానా ఊరుకోవడానికి? “ఆ లయేదో నీ దగ్గరనే ఉంచుకో. కొత్త కోపు నేర్పితే మూడు దినాలు తప్పుతవ్, నీకు లయ ఉండి ఏం లాభం?” అన్నాను. కోపు అంటే అడుగుల వరస. రవళికి కొత్త కోపు ఎప్పుడూ మొదటి రోజు రాదు, ఆ సంగతి అందరికీ తెలుసు. నిజమే చెప్పాను. అది మైకు కట్టేసుకుంది.

ముందు అదే మాట్లాడాలి. తప్పు దానిది. నేను ఫోను చేయను.

బుధవారం

అలిగినా ఆటకు మాత్రం వస్తోంది. మైకు మూసుకుని, పెదవి బిగించి వచ్చి నిలబడుతుంది. ఇవాళ అది కొట్టిన కొట్టుడుకు నా మోచేతి దాకా అదిరింది. నేనూ తక్కువ తినలేదు. వంగి లేచే చోట అది మోకాలు పట్టుకుని ఎప్పటిలాగే ఒక దెబ్బ ఆలస్యంగా లేచింది. నేను దాని కోసం ఆగకుండా కొట్టేశాను. తెర “తప్పింది” అని ఎర్రగా వెలిగింది. ఇద్దరికీ మార్కులు పోయాయి. పోనీ.

“ఇద్దరు జర మెల్లగ కొట్టుండ్రి, కోలలు ఇరుగుతయ్,” అంది దీక్షిత.

ఈ ఆటకు మార్కుల పిచ్చి ఒకటి. ఇదివరకు ఎండల్లో కాలనీ మంచిచెడ్డలు చూసే వాచ్ కేంద్రం మనుషులు పొద్దున్నే జేబుల్లో మంచు నింపిన చల్లకోట్లు తొడుక్కుని వచ్చి తలుపు తట్టి, “అమ్మా, బాగున్నరా?” అని అడిగి పోయేవాళ్ళు. ఇప్పుడు కుర్చీలోంచి లేవరు. ఆట జాబితా చూసుకుంటారు. ఆడిన మనిషి బాగున్నట్టు లెక్క. మార్కులు బాగా వస్తే ఇంకా బాగున్నట్టు. కూర్చుని తినే కాలం వాళ్ళది.

శుక్రవారం

రవళి కోపం దిగింది. మాట్లాడలేదు, మైకు తీయలేదు, కానీ కోల అబద్ధం చెప్పదు. ఇవాళ దాని దెబ్బ మెత్తగా, నిండుగా, సరిగ్గా రావలసిన చోట వచ్చింది. నేను ఆలస్యమైన చోట నా కోసం ఆగింది. వంగి లేచే చోట నాతో పాటే లేచింది. మోకాలికి నూనె పెట్టి తోముకుంటున్నట్టుంది. తెర మాటిమాటికీ “సహస్ర, రవళి, జత భలే” అంటూనే ఉంది. మా ఇద్దరికీ ఇన్ని మార్కులు ఇదివరకు ఎప్పుడూ రాలేదు.

మంగళం పాడాక హంసిని మైకులో ఒక మాట చెప్పింది. “నాకు కరెంటు పోయిందమ్మా, సగం ఆటకే కూసున్న. మీకెవ్వరికి తెల్వలేదా?”

ఎవరికీ తెలియలేదు. అందరం నవ్వుకున్నాం. పోయిన ఏడు ఇదే హంసిని ఇంట్లో ఇలాగే కరెంటు పోతే వలయం తెగి, మంగళం పాడకుండానే ఆట ఆగిపోయింది. ఆ వారంలోనే ఆమె తమ్ముడు ఎండదెబ్బకు పోయాడు. ఎత్తిన కోలాటం మంగళం కాకుండా దించితే ఇంటికి మంచిది కాదని దీక్షితకు భయం పట్టుకుంది. ఆమె చెప్పాక మా అందరికీ పట్టుకుంది. అందుకే ఈ ఏడు ఆటలో భర్తీ పెట్టించుకున్నాం. మనిషి తప్పిపోతే, ఆమె పాత ఆట చూసి నేర్చుకున్న యంత్రం ఆమె బదులు ఆడుతుంది. మొదట్లో భర్తీ బొమ్మ నెత్తిమీద పచ్చచుక్క ఒకటి వెలిగేది. మంగళం పాడేటప్పుడు అలాంటి బొమ్మ మధ్యలో తిరుగుతుంటే పీడలాగా ఉందని అందరం చేతులెత్తి ఆ చుక్క కూడా తీయించేశాం. ఇప్పుడు చూడటానికి నిండుగా ఉంటుంది.

రాత్రి కడుపునిండా తిన్నాను. రేపో ఎల్లుండో అదే ఫోను చేస్తుంది.

ఆదివారం

ఫోను రాలేదు.

దీక్షిత కొత్త కోపు ఎత్తింది. రెండడుగులు లోపలికి, ఒక తిప్పు, పక్క ఉద్దితో ఒక దెబ్బ, మళ్ళీ వెనక్కి. నాకే రెండుసార్లు తప్పింది. హంసిని అయితే గోడకు తగులుకుని అబ్బా అంది. రవళి మాత్రం ఒక్కటంటే ఒక్క తప్పు లేకుండా ఆడింది.

నాకు అర్థమైంది. ఆ రోజు నేనన్న మాట మనసులో పెట్టుకుంది. దీక్షితను ముందే అడిగి కోపు తెలుసుకుని, పగలంతా తలుపులేసుకుని సాధన చేసింది, నా ముక్కు కోయడానికి. పట్టుదలంటే అదే. కోపమూ వచ్చింది, ముచ్చటా వేసింది. ఒంటరి ఇంట్లో, ఈ ఉడుకులో, నామీద పంతంతో చాప అరగ్గొట్టింది కదా అనుకున్నాను. పంతం కోసమైనా ఒక మనిషి నన్ను తలుచుకుంటోంది.

ఆట అయ్యాక నేనే ఫోను చేశాను. అవును, నేనే. మోగి మోగి ఆగింది. బెల్లం తురిమి, నువ్వులు దంచుకుని ఉండలు చేస్తూ మళ్ళీ చేశాను. ఎత్తలేదు. కరీంనగర్‌లో దాని తమ్ముడున్నాడు, జయంత్. అతనికి చేశాను.

“అక్క మంచిగనే ఉన్నదమ్మా. దినాం మార్కులు చూస్తున్న గద. నిన్న ఎక్కువ వచ్చినయ్,” అన్నాడు.

“నీతో మాట్లాడిందా?”

“లేదు. నేను గూడ చెయ్యలే. ఆడుతున్నది గదా అని.”

వీడికి అక్క మీద ప్రేమ ఆ మార్కుల మట్టుకే ఉన్నట్టుంది. ఫోను పెట్టేశాను.

మంగళవారం

మనసు కుదురుగా లేదు. ఎందుకు లేదో చెప్పలేను. ఆట మాత్రం రోజురోజుకూ బాగుపడుతోంది. నిన్న, ఇవాళ మా జతకే అందరికన్నా ఎక్కువ మార్కులు. కోల తగిలినప్పుడు ఒక్కోసారి కళ్ళు మూసుకుంటాను, అయినా తప్పదు. అది అంత బాగా సర్దుకుపోతోంది. ఇంత కాలం మేం ఇలా ఎందుకు ఆడలేదా అనిపిస్తుంది. అప్పట్లో దాని ఆలస్యాన్ని నేను తిట్టేదాన్ని, నా తొందరను అది తిట్టేది, మధ్యలో ఆట ఎక్కడిది?

ఆట బాగున్నా మాట లేదు. పొద్దున నుంచి నాలుగుసార్లు చేశాను. “నువ్వుల ఉండలు చేసిన, కూత ఎత్తేసిన్నాడు తెస్త,” అని సందేశం పెట్టాను. నాలాంటి దానికి అంతకన్నా కాళ్ళబేరం ఉండదు. అది చూసినట్టు గుర్తు కూడా పడలేదు.

దీక్షితను అడిగాను.

“అలిగిన దాన్ని గెలుకుతె ఇంక బిగుస్తది. నీకు తెల్వదా దాని సంగతి? ఆడుతున్నది గద, ఊకో,” అంది.

“కొత్త కోపు దానికి ముందే చెప్పినవా?”

“నేనెందుకు చెప్త? ఎవ్వరికి చెప్పలె.”

ఆ మాట చెవిలో కాసేపు గీరింది. వాచ్ కేంద్రానికి చేశాను. అక్కడ సాయంత్రం పూట ఉండేది సుధాంశు, మర్యాదగా మాట్లాడే మనిషి. జాబితా చూసి చెప్పాడు. “డి లైను రవళమ్మ గారు దినాం ఆడుతున్నరు టీచరమ్మా. ఆమెకున్నంత హుషారు నాకు లేదు.”

సరే, బాగుంది. బాగున్నప్పుడు ఫోనెత్తకపోతే అది పొగరు. ఇక నేను చేయను.

గురువారం

దవాఖానలో కూర్చుని రాస్తున్నాను. కాళ్ళకు బొబ్బలు, మొహానికి మందు. నిన్న జరిగింది వరసగా రాస్తాను.

నిన్న మధ్యాహ్నం వానలు ఎప్పుడా అని గోడ క్యాలెండరు తిప్పాను. తిథి చూసి అక్కడే ఆగాను. వైశాఖ బహుళ అష్టమి. రవళి మొగుడు కార్తీక్ అన్న పోయిన తిథి. ప్రతి ఏడూ ఆ రోజు అది ఒంటిపూట తిని, ఆయన ఫోటో దగ్గర దీపం పెట్టుకుని కూర్చుంటుంది. కోలలు ముట్టదు. దానికి కోలాటం నేర్పింది ఆయనే. అందుకే ఆ రోజు మా ఎనిమిది మందిమీ ఆట మానేసేవాళ్ళం. ఈ ఏడు ఎవరికీ గుర్తు లేదు. భర్తీ ఉంది కదా, ఆగవలసిన పని లేకపోయింది. సిగ్గేసింది.

ఏడింటికి టీవీ దానంతటదే వెలిగింది. నేను చాపెక్కాను. ఎదురుగా రవళి. ఆ పూటకు అది భర్తీ అని నాకు తెలుసు, నా రవళి దీపం ముందు కూర్చుని ఉంటుంది. యంత్రం ఎలా ఆడుతుందో చూద్దామని కొట్టాను. దెబ్బ మెత్తగా, నిండుగా, సరిగ్గా రావలసిన చోట వచ్చింది. వంగి లేచే చోట నాతో పాటే లేచింది. మోకాలు పట్టుకోలేదు.

మంగళవారం రవళి కూడా మోకాలు పట్టుకోలేదు. సోమవారం రవళి కూడా. ఆదివారం కొత్త కోపు తప్పకుండా ఆడిన రవళి, శుక్రవారం నా కోసం ఆగిన రవళి, అందరూ ఇదే మనిషి. ఇది మనిషి కాదు. చేతుల్లో కోలలు ఆగిపోయాయి. నేను ఆగిపోయినా ఎదుటిది నవ్వు మొహంతో కొడుతూనే ఉంది.

సుధాంశుకు చేశాను. “ఆమె ఆడుతలేదు, ఆడేది భర్తీ. శుక్రవారం నుంచి భర్తీనే,” అన్నాను.

“భర్తీ అయితే నాకు పచ్చచుక్క పడాలె గదమ్మా. పడలె.”

“ఆ చుక్క మేమే తీపించినం.”

అతను జాబితా మళ్ళీ తిప్పిన చప్పుడు వినబడింది. తర్వాత, “నా దగ్గర ఆమె హాజరు ఉన్నది. బయట ఇంక వేడి దిగలె, బండి తియ్యనియ్యరు. పొద్దున మనిషిని పంపుత,” అన్నాడు. పొద్దున అనే మాట వినగానే నాకు చెప్పలేని భయం వేసింది. శుక్రవారం నుంచీ ఎన్ని పొద్దున్నలు పోయాయి.

చల్లకోటు తొడుక్కున్నాను. ఫ్రిజ్‌లో ఉన్న మంచుసంచులన్నీ జేబుల్లో కుక్కుకున్నాను. చెప్పుల మీద తడిగుడ్డ చుట్టుకున్నాను. పొద్దు వాలినా రోడ్డు ఇంకా కాలుతోంది. బి లైను దాటేసరికే చుట్టిన గుడ్డ ఎండిపోయింది. సి లైను మలుపులో జేబుల్లో మంచు నీళ్ళయి కాళ్ళ వెంట కారింది. ఎవరూ లేరు, కుక్క కూడా లేదు. దారిలో మా ఆటవాళ్ళ ఇళ్ళ తలుపుల వెనక మా పాటే చిన్నగా వినబడుతోంది. ఆ పాటకు తగ్గట్టు నడుస్తున్నానని తెలిసి నామీద నాకే కోపం వచ్చింది.

రవళి గూటి నిండా రేషన్ పెట్టెలు. పట్టనివి మెట్టు మీద పేర్చి ఉన్నాయి. పాల ప్యాకెట్లు ఉబ్బి పగిలాయి. రోజూ వచ్చి పెట్టిపోయిన బండికి అవి కనబడవు. తలుపు తోశాను.

ముందుగదిలో కూలరు తిరుగుతోంది, టీవీ వెలుగుతోంది. చాప మీద ఎవరూ లేరు. తెరలో, రవళి చోటుకు ఎదురుగా, నేను ఆడుతున్నాను. నా జడే, నా చీర కుచ్చిళ్ళే, నా బిగిసిన మెడే. నేను కదలకుండా నిలబడి చూస్తున్నాను, అది చక్కగా వంగి లేచి కొడుతోంది. “సహస్ర, రవళి, జత భలే,” అంది టీవీ. 

వంటింట్లోంచి గొంతు వచ్చింది. గొంతు కాదు, గీర. “ఎవరు?”

నీళ్ళ డ్రమ్ము పక్కన నేలమీద పడి ఉంది. ఒక కాలు ఉండకూడని వైపు తిరిగి ఉంది. డ్రమ్ము కొళాయి చేతికందేంత దూరంలో ఉండబట్టి బతికింది. పక్కన కింది అరలోంచి లాక్కున్న పుట్నాల డబ్బా, బెల్లం కాగితం. ఫోను ముందుగదిలో చార్జింగు పలక మీదుంది.

“నేనే. సహస్రను.”

“నువ్వు ఆడ ఆడుతున్నవ్ గదనే,” అంది, టీవీ వైపు కళ్ళు తిప్పి. నేను నిజంగా వచ్చానని నమ్మడానికి నా చెయ్యి పట్టి చూసుకుంది. దాని చెయ్యి కాలిపోతోంది. “శుక్రవారం పొద్దుగాల నీళ్ళ బిందెతోని జారిన. ఒర్రిన, ఎవ్వరికి ఇనబడలె. సాయంత్రమైతె నేను లేనని తెలుస్తది గదా అని చూసిన. ఏడు కాంగనె టీవీ వెలిగింది. రవళి భలే, రవళి భలే అన్నది. తెల్లారి మళ్ళ చూసిన. మళ్ళ భలే అన్నది.”

నాకు ఏడుపు వచ్చింది. నేను ఏడిచే మనిషిని కాను, అయినా వచ్చింది. దానికి నోట్లో నీళ్ళు పోసి, దాని ఫోనుతోనే సుధాంశుకు చేశాను.

“టీచరమ్మా, మీరు మీ ఇంట్లనే ఆడుతున్నరు గద. రవళమ్మ గూడ ఆడుతున్నరు. ఇద్దరి మార్కులు నా ముంగట కనబడుతున్నయ్,” అన్నాడు. తర్వాత మెత్తగా, “ఎండ తాకిందా అమ్మా? పండుకోండ్రి,” అన్నాడు.

ఇక మిగిలింది మైకు ఒక్కటే. చాప అంచున ఉన్న మీట నొక్కాను. “దీక్షితా, నేను రవళి ఇంట్ల ఉన్న. ఇది శుక్రవారం నుంచి నేలమీద పడి ఉన్నది. తుంటి ఇరిగింది. మీరు ఆడేది దానితోని కాదు. నాతోని గూడ కాదు. రాండ్రి.”

పాట ఒక్క క్షణం తడబడింది. మళ్ళీ సాగింది. పాట సందులో దీక్షిత గొంతు, “మంగళం దగ్గర పడ్డది. మధ్యల దించొద్దు సహస్రా. అయిపోంగనె వస్త,” అంది. దీక్షితకు భయం. హంసిని తమ్ముడు ఆమె కళ్ళలో ఉన్నాడు. నాకు ఆ భయం అర్థమవుతుంది, నేనూ చేయెత్తిన దాన్నే. కానీ ఇక్కడ నా ఒళ్ళో తల పెట్టుకున్న మనిషికి మంగళం దాకా ఊపిరి ఉంటుందో లేదో నాకు తెలియదు.

గ్రౌండులో ఆ చివరి వరసదాకా వినబడేలా పిల్లలకు చెప్పే గొంతుతో అరిచాను. “ఆగు.”

మైకుల్లోంచి కోలలు నేలమీద పడ్డ చప్పుడు వినబడింది. ఒకటా, రెండా, అన్నీనా తెలియలేదు. పాట ఆగింది. తెరమీద మాత్రం ఏమీ ఆగలేదు. దీక్షిత బొమ్మ పాట ఎత్తుతూనే ఉంది, ఇప్పుడు ఆ గొంతు కూడా యంత్రానిదే. వలయం తెగకుండా తిరుగుతోంది. ఎవరు వస్తున్నారో, ఎవరు ఇంట్లో నిలబడి చూస్తున్నారో ఆ తెరను చూసి చెప్పలేను. రవళి తల నిమురుతూ తలుపు వైపు చూస్తూ కూర్చున్నాను. నా బతుకులో ఎప్పుడూ దేనికోసమూ అంత సేపు ఎదురుచూడలేదు.

తలుపు తోసుకుని మొదట వచ్చింది దీక్షిత. కోటు వెతుక్కునే ఓపిక లేక తడిదుప్పటి కప్పుకుని వచ్చింది. ఆమె వెనక హంసిని, ఆమె మొగుడు. మిగతా నలుగురూ రాలేదు. దీక్షిత రవళిని చూసింది. తెరవైపు చూసింది. అక్కడ ఆమే చేతులు జోడించి మంగళం పాడుతోంది.

“దేని మీద మోద్దాం?” అంది హంసిని.

చాప గట్టిది, నాలుగు మూలలా పట్టుకోవడానికి ఉంటుంది. తీగ పీకేసి, దాన్ని వంటింట్లోకి లాగి, రవళిని దానిమీదికి జరిపాం. నలుగురం నాలుగు మూలలు పట్టుకున్నాం. గుమ్మం దాటుతుంటే వెనకనుంచి టీవీ, చాప లేని ఇంట్లో, “రవళి, భలే,” అంది. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు.

దవాఖాన, వాచ్ కేంద్రం రెండూ ఒకే ఇంట్లో ఉంటాయి. చాపను సుధాంశు బల్ల ముందే దించాం. అతను చాపమీది మనిషిని చూశాడు, ముందున్న జాబితా చూశాడు, మళ్ళీ మనిషిని చూశాడు. తర్వాత లేచి డాక్టరమ్మ కోసం పరుగెత్తాడు. 

శనివారం

రవళికి జ్వరం తగ్గింది. తుంటికి కట్టు వేశారు. మళ్ళీ నడుస్తుంది గానీ ఆడటం కుదరదని డాక్టరమ్మ నాకు చెప్పింది, దానికి ఇంకా చెప్పలేదు. జయంత్ రోజుకు మూడుసార్లు ఫోను చేసి ఏడుస్తున్నాడు. దీక్షిత కోలలు ఎక్కడో దాచేసింది, ఎక్కడో ఎవరికీ చెప్పదు. రాని నలుగురూ నిన్న ఏడింటికి ఆడారట. వలయం నిండుగానే ఉందట.

ఇవాళ మధ్యాహ్నం నువ్వుల ఉండ చిదిపి నోట్లో పెడుతుంటే రవళి అడిగింది.

“అన్ని దినాలు నా లెక్క అది ఆడింది గద. మంచిగ ఆడిందా?”

“మంచిగనే.”

“నాకన్నా?”

డ్రిల్లు టీచరును, నాకు అబద్ధం రాదు. “నీకన్న మంచిగ ఆడింది. ఒక్క తప్పు లేదు. అందుకే పట్టుకున్న,” అన్నాను.

నవ్వింది. నవ్వితే తుంటి నొచ్చి దుప్పటి పిడికిట పట్టుకుంది. నొప్పి తగ్గాక నా మొహంలోకి చూసింది. “ఎన్నడు పట్టినవ్?”

“బుధవారం. కార్తీక్ అన్న తిథి నాడు.”

“శుక్రవారం కాదా?”

“కాదు.”

“ఆదివారం కొత్త కోపు ఎత్తిన్రు గద, నాకు ఇనబడ్డది. ఆ నాడు గూడ కాదా?”

“కాదు. నా మీద పంతంతోని నేర్చుకున్నవనుకున్న.”

రవళి కాసేపు కప్పువైపు చూసింది. కళ్ళ పక్కనుంచి నీళ్ళు దిండు మీదికి జారాయి. తుడవబోతే నా చెయ్యి ఆపి, ఆ చేతిని అలాగే పట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను కదల్లేదు. ఆ సాయంత్రాలన్నీ నాకు బాగా నచ్చాయని దానికి చెప్పలేదు.